మిద్దె తోటకు గార్డెన్ మల్చ్ కొంటున్నారా? ముందు కలుపు మందు సంగతి అడగండి

కుండీల్లో కూరగాయలు పెంచేవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. హైదరాబాద్ ఎండలకి కుండీల్లో మట్టి ఆరిపోకుండా ఉంటుందని, ఆన్‌లైన్‌లో 'ఆర్గానిక్ గార్డెన్ మల్చ్' (మొక్కల చుట్టూ మట్టి మీద పరిచే ఎండుటాకులు, గడ్డి లాంటివి) పేరుతో అమ్ముతున్న బస్తాలు తెప్పించాం. విప్పితే ఎండుటాకులు కొన్నే ఉన్నాయి, మిగతాదంతా మిషన్‌తో కోసిన లాన్ గడ్డి. టమాటా, బీన్స్, వంగ కుండీల్లో పరిచాం. కొద్ది రోజులకే టమాటా చిగుళ్లు మెలితిరిగాయి, కొత్త ఆకులు సన్నగా పీలికల్లా వచ్చాయి. బీన్స్ ఆకులు ముడుచుకుపోయి, పూత రాలిపోయింది.

చూసినవాళ్లందరూ వైరస్ అన్నారు. తెల్లదోమ వల్ల టమాటాకి వచ్చే ఆకుముడత చూడటానికి ఇంచుమించు ఇలాగే ఉంటుంది మరి. కానీ అదే నర్సరీ నారు, మల్చ్ వేయని కుండీల్లో నిక్షేపంగా ఉంది. మల్చ్ వేసినవాటిలో టమాటా, బీన్స్, వంగ మూడూ ఒకేసారి దెబ్బతిన్నాయి. నిమ్మగడ్డి కుండీలో కూడా అదే మల్చ్ వేశాం, దానికి మాత్రం ఏమీ కాలేదు. అసలు అనుమానం వచ్చింది అక్కడే. లాన్లలో కొట్టే 2,4-డి లాంటి కలుపు మందులు గడ్డి జాతిని వదిలేసి వెడల్పాటి ఆకుల మొక్కల్ని చంపుతాయి. టమాటా, చిక్కుడు జాతి మొక్కలు వీటికి అస్సలు తట్టుకోలేవు. ల్యాబ్ పరీక్ష చేయించలేదు గానీ, లక్షణాలన్నీ దానికే సరిపోతున్నాయి.

అమ్మినవాళ్లని గట్టిగా అడిగితే, "గడ్డి లాన్ మెయింటెనెన్స్ వాళ్ల దగ్గర కొంటాం, వాళ్లేం కొడతారో మాకు తెలీదు" అన్నారు. తెలియనప్పుడు బస్తా మీద ఆర్గానిక్ అని ఎలా రాస్తారు? బస్తా విప్పారు కాబట్టి డబ్బులు వెనక్కి ఇవ్వం అన్నారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాం. మీకూ ఇలా జరిగితే బిల్లు, బస్తా ఫొటోలు దాచుకుని ఫోన్ చేయండి.

కొనేముందు గడ్డి ఎక్కడిది, అక్కడ కలుపు మందు కొడతారా అని రాతపూర్వకంగా, కనీసం వాట్సాప్‌లోనైనా అడగండి. మందు కొట్టాక మొదటి మూడు నాలుగు కోతల గడ్డి కూరగాయలకి వాడకూడదు. ఇప్పటికే వేసి ఉంటే వెంటనే తీసేయండి, కంపోస్టులో మాత్రం కలపకండి. ఇలాంటి బస్తాల్లో తుంగ గడ్డలు, వయ్యారిభామ (ఒంటికి తగిలితే దురద పుట్టించే కలుపు మొక్క) గింజలు కూడా వస్తుంటాయి, అందుకే చేతులకి గ్లవుజులు వేసుకోండి.

బస్తా వచ్చాక అన్ని కుండీల్లోనూ వేసేయకండి. రెండు చిన్న కుండీల్లో బీన్స్ గింజలు నాటి, ఒకదాంట్లో ఈ మల్చ్‌ని మట్టిలో కలపండి, రెండోదాంట్లో ఉత్త మట్టే ఉంచండి. రెండు మూడు వారాల్లో నాలుగైదు ఆకులు వస్తాయి. మల్చ్ కుండీలో ఆకులు మెలితిరిగితే ఆ బస్తా కూరగాయలకి పనికిరాదు.