పసుపు ఫాగ్ ల్యాంపులు: నాలుగు చలికాలాలు వాడాక

తిరుపతిలో ట్యాక్సీ నడుపుతాను. బండి డిజైర్, కింది వేరియంట్. ఫాగ్ ల్యాంపులు రాలేదు, బంపర్‌లో వాటి చోట నల్ల ప్లాస్టిక్ మూతలు ఉండేవి. 2021 నవంబర్‌లో ఆ మూతలు తీయించి బయటి కిట్ పెట్టించాను. పసుపు గ్లాసు, ఒక్కో దాంట్లో 55 వాట్ల హాలోజెన్ బల్బు. కిట్టుకి 3,400, వైరింగ్ కూలి 800 అయింది. అప్పటి నుంచి నాలుగు చలికాలాలు, దాదాపు లక్షా నలభై వేల కిలోమీటర్లు తిరిగాను. అందులో ఎక్కువ భాగం చిత్తూరు, పలమనేరు మీదుగా బెంగళూరు ఎయిర్‌పోర్ట్ ట్రిప్పులే. పొద్దుటి ఫ్లైట్ ఉన్నవాళ్ళని ఎక్కించుకుని అర్ధరాత్రి దాటాక బయల్దేరతాం. మంచు చిక్కబడే వేళకి సరిగ్గా పలమనేరు దగ్గర ఉంటాం.

ఎందుకు పెట్టించానో చెప్పాలి. ఆ ఏడాది సంక్రాంతికి వారం ముందు, దర్శనం చేసుకుని ఊరికి వెళ్తున్న ఒక పెద్దావిడ, కొడుకు, కోడలు బండిలో ఉన్నారు. బంగారుపాళ్యం దాటి మొగిలి ఘాట్ ఎక్కుతుంటే మంచు మొదలైంది. అప్పటికి నాకు తెలిసిన వైద్యం ఒకటే, హై బీమ్ వేయడం. వేస్తే బండి ముందు తెల్ల పంచె ఆరేసినట్టు అయింది. డిమ్ చేశాను, మళ్ళీ హై వేశాను. ఘాట్ ఎక్కేశాం, ఇక రోడ్డు చదునే కదా అని అరవైకి వచ్చాను. ఉన్నట్టుండి ఎదురుగా ఏదో నల్లగా కనపడింది. ఉన్న బలమంతా పెట్టి బ్రేక్ తొక్కాను. బండి ఆగేసరికి బానెట్ మీద చెరకు ఆకులు రాసుకుంటున్నాయి. చెరకు ట్రాక్టర్ అది. వెనక లైటు లేదు, రేడియం లేదు, గడలు ట్రాలీ దాటి నాలుగడుగులు బయటికి వేలాడుతున్నాయి. ట్రాక్టర్ ముందుకి కదులుతూ ఉంది కాబట్టి బతికాం. వెనక సీట్లోంచి పులిహోర డబ్బా ఎగిరి డ్యాష్‌బోర్డు మీద పడి మూత ఊడింది. పెద్దావిడ "గోవిందా" అని ఒక్క మాటంది, మళ్ళీ బెంగళూరు దాకా నోరు విప్పలేదు. ట్రాక్టర్ అతనికి ఏమీ తెలీదు, తన మానాన తను వెళ్ళిపోయాడు. ఏసీ గ్రిల్‌లో ఇరుక్కున్న ఆవాలు, శనగపప్పు నెల రోజుల దాకా బయటికి వస్తూనే ఉన్నాయి.

మన వైపు మంచు అంటే పొగమంచే. నవంబర్ వానలకి చెరువులు నిండి నేలంతా తడిగా ఉంటుంది. ఆకాశం తేటగా, గాలి లేకుండా ఉన్న రాత్రి నేల వేడంతా పైకి పోయి, దాన్ని ఆనుకున్న గాలి చల్లబడి మంచు పడుతుంది. మొగిలి ఘాట్ ఎక్కితే మైసూరు పీఠభూమి అంచు మొదలు, అక్కడ చలి ఇంకొంచెం ఎక్కువ. చిత్తూరులో చుక్కలు కనిపిస్తుంటాయి, నలభై కిలోమీటర్లు పోయేసరికి పలమనేరులో చెయ్యి చాపితే వేళ్ళు మసకబారతాయి.

ఫిట్టింగ్ గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎక్కువమంది డబ్బు పాడు చేసుకునేది ఇక్కడే. రెండు బల్బులకి కలిపి 110 వాట్లు, అంటే 12 వోల్టుల మీద తొమ్మిది ఆంపియర్ల పైన లాగుతాయి. నేరుగా స్విచ్చికి కలిపితే స్విచ్ వేడెక్కి కరుగుతుంది. రిలే, అంటే ఎక్కువ కరెంటుని స్విచ్ మీద పడనీకుండా తన గుండా పంపే చిన్న పెట్టె ఉండాలి, బ్యాటరీ దగ్గర 15 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి. మా ఎలక్ట్రీషియన్ ఇవి రెండూ పెట్టి, బండిని గోడకి పాతిక అడుగుల దూరంలో నిలబెట్టాడు. ల్యాంపు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిచి, గోడ మీద అంతకన్నా నాలుగు అంగుళాలు కిందికి సుద్దతో గీత గీశాడు. వెలుతురు పై అంచు ఆ గీత దాటకుండా స్క్రూ తిప్పాడు. "ఇంకొంచెం పైకి ఎత్తప్పా, దూరం కొట్టనీ" అన్నాను. "ఇది దూరం చూసేదానికి కాదన్నా, కింద చూసేదానికి" అన్నాడు. ఆ మాట అర్థం కావడానికి నాకు ఒక చలికాలం, ఒక బంపర్ ఖర్చయ్యాయి.

మొదటి చలికాలం నిజంగానే బాగుంది. రోడ్డు పక్కన తెల్ల గీత స్పష్టంగా కనపడేది, టెన్షన్ పోయింది. అదే కొంప ముంచింది. ట్రాక్టర్ దెబ్బ తర్వాత మంచులో నలభైకి మించి పోనివాణ్ణి, లైట్లు వచ్చాక డెబ్భై పోతున్నాను. జనవరిలో ఒక తెల్లవారుజామున రోడ్డు పని జరుగుతున్న చోట దారి మళ్ళించి, ఇసుక నింపిన డ్రమ్ములు పెట్టారు. గీత చూసుకుంటూ పోతున్నాను, గీత ఎడమకి వంగింది, నేను వంగలేకపోయాను. డ్రమ్ము తగిలి బంపర్ ఎడమ మూల పగిలింది, ఎడమ ల్యాంపు పొడి పొడి అయింది. ఖాళీ బండి, ఎవరికీ ఏమీ కాలేదు. ఇంటికొచ్చి చెబితే మా అమ్మ అడిగింది, "లైటు పెట్టుకుంటివని మంచు తగ్గిందా నాయినా?"

ఆ దెబ్బతో అసలు ఈ లైట్లు ఎంత చూపిస్తాయో కొలవాలనిపించింది. తర్వాతి డిసెంబర్‌లో పలమనేరు దాటాక మూతపడిన ఒక పెట్రోల్ బంకులోకి బండి తిప్పాను. తోడుగా మా బామ్మర్ది ఉన్నాడు. తెల్ల తువ్వాలు తలకి చుట్టుకుని బండి ముందు నుంచి తిన్నగా నడవమన్నాను. అడుగులు లెక్కపెడుతూ, "బావా, కనిపిస్తా ఉండానా?" అని అరుస్తూ పోయాడు. హై బీమ్‌లో పన్నెండో అడుగుకే మాయం. లో బీమ్‌లో ఇరవై రెండు. లో బీమ్‌తో పాటు ఫాగ్ ల్యాంపులు కూడా వేస్తే ఇరవై నాలుగు. అంతే. నాలుగు వేలు పోసి కొన్నది రెండు అడుగులు.

కానీ ఆ ఇరవై నాలుగో అడుగు దగ్గర ఇంకో సంగతి చూశాను. వాడి తల, తువ్వాలు, చొక్కా పోయాయి గానీ, చెప్పులు మాత్రం ఇంకో నాలుగైదు అడుగుల దాకా కనపడ్డాయి. నేల మీద గీసిన తెల్ల రంగు అంతకన్నా దూరం కనపడింది. ఎలక్ట్రీషియన్ చెప్పింది ఇదే. హెడ్‌లైటు వెలుగు మన కంటి ఎత్తున ఉన్న మంచు బిందువులకి తగిలి తిరిగి మన కళ్ళలోకే వస్తుంది. ఫాగ్ ల్యాంపు బంపర్ కింద నుంచి, వెడల్పుగా, నేలకి పరిచినట్టు వేస్తుంది కాబట్టి తిరిగొచ్చేది తక్కువ. గీత చూపిస్తుంది, అంచు చూపిస్తుంది. గీత మీద నిలబడిన ట్రాక్టర్‌ని ముందుగా చూపించదు.

వాడు నడిచిన ఇరవై నాలుగు అడుగులంటే పద్దెనిమిది మీటర్లు వేసుకోండి. గంటకి నలభైలో పోతుంటే సెకనుకి పదకొండు మీటర్లు. కాలు బ్రేక్ మీదికి పోయేలోపే ఆ పదకొండూ అయిపోతాయి, తడి రోడ్డు మీద బండి ఆగడానికి ఇంకో పన్నెండు పడతాయి. మొత్తం ఇరవై మూడు. చాలదు. ముప్పైకి దిగితే పదిహేనులో ఆగుతుంది. అందుకే ఇప్పుడు అలాంటి మంచులో ముప్పై దాటను. ఫ్లైట్ ఉన్నవాళ్ళని గంట ముందే బయల్దేరదీస్తాను. కొందరు గొణుగుతారు, గొణగనీ. పలమనేరు దగ్గర అడవి వైపు నుంచి కౌండిన్య అభయారణ్యం ఏనుగులు హైవే దాటుతాయి. 2023 జూన్‌లో అక్కడే లారీ కొట్టి మూడు ఏనుగులు చనిపోయాయి, అప్పుడు మంచు కూడా లేదు.

పసుపు రంగు మంచుని చీల్చుకుపోతుందని కొట్టువాళ్ళు చెబుతారు, నమ్మకండి. మంచు బిందువులు కాంతి తరంగాల కన్నా చాలా పెద్దవి, ఏ రంగునైనా ఒకేలా చెదరగొడతాయి. పసుపుతో లాభమల్లా కంటికి గ్లేర్ తక్కువ అనిపించడం. ఫ్రాన్స్‌లో 1993 దాకా కార్ల హెడ్‌లైట్లన్నీ పసుపే ఉండాలని రూలు ఉండేది, తర్వాత తీసేశారు. మూడు గంటలు ఏకధాటిగా మంచులో నడిపేవాడికి మాత్రం ఆ కాస్త తేడా కూడా పనికొస్తుంది. నాకు తలనొప్పి తగ్గింది.

మధ్యలో ఎల్ఈడీ మోజు కూడా తీర్చుకున్నాను. అదే గ్లాసులో తెల్లగా కొట్టే 6,000 కెల్విన్ బల్బులు వేయించాను. హాలోజెన్ కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో ఎల్ఈడీ పెడితే వెలుతురు అంచు చెదిరిపోతుంది, పైకీ కొడుతుంది. ఎదురొచ్చేవాళ్ళు డిప్పర్ కొట్టి తిట్టారు. పైగా ముందువైపుకి వేడి రాదు కాబట్టి గ్లాసు లోపలి చెమ్మ ఆరదు. పది రోజుల్లో తీసేశాను.

తిరుమల ఘాట్ రోడ్లలో ఈ లైట్లకి నేను ఎక్కువ మార్కులు వేస్తాను. ధనుర్మాసంలో కొండ మీద ఉండేది మేఘమే, గాలికి వస్తుంది, పోతుంది. మలుపు తిరిగేటప్పుడు పక్క గోడ మొదలు, రోడ్డు అంచు పసుపుగా కనపడుతుంటే ప్రాణం కుదుటపడుతుంది. అక్కడ ఇంకో సుఖం ఉంది. ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు కనీసం పట్టాలన్న నియమం వల్ల వెనకవాడు హారన్ కొట్టి తొందరపెట్టడు. దిగేటప్పుడు రెండో గేరు, మూడో గేరులోనే ఉంచి బ్రేక్‌కి పని తగ్గిస్తాం. నిజం చెప్పాలంటే మంచులో నాకు కొండ మీద భయం వేయదు, కింద ఆరు లైన్ల హైవే మీదే వేస్తుంది.

ల్యాంపులకి సంబంధం లేకపోయినా ఒకటి రాయాలి. మా బండ్లలో సగం మసక లోపలిదే. గుండు చేయించుకుని, పుష్కరిణిలో మునిగి, తడి బట్టల మూట ఒళ్ళో పెట్టుకుని ఐదుగురు ఎక్కితే పది నిమిషాల్లో అద్దమంతా ఆవిరి. చలికాలం కదా అని ఏసీ ఆపమంటారు. ఆపకూడదు. ఏసీ ఆన్‌లో ఉంచి, గాలి బయటి నుంచి తీసుకునేలా పెట్టి, ముందు అద్దం మీదికి వదలాలి. చలి వేస్తే వేడి వైపు తిప్పుకోవచ్చు. అరచేత్తో తుడిస్తే జిడ్డు అంటుకుని ఎదుటి లైటు పడ్డప్పుడు ఇంకా మసకబారుతుంది.

మా పెద్దమ్మ కొడుకు అమెరికాలో, మిన్నెసోటాలో ఉంటాడు. మొన్న డిసెంబర్‌లో వచ్చినప్పుడు ఎయిర్‌పోర్ట్ నుంచి నేనే తీసుకొచ్చాను. మంచు చూసి నవ్వాడు. అక్కడ రోడ్డు మీద నీళ్ళు గడ్డకట్టి అద్దంలా పరుచుకుంటాయట, తారు రంగులోనే ఉండి కంటికి ఆనదట. ఫ్లైఓవర్ కింద కూడా చల్లగాలే కాబట్టి ముందు అదే గడ్డకడుతుందట. ఏడు డిగ్రీల కన్నా కిందికి దిగితే మామూలు టైరు రబ్బరు బిగుసుకుపోతుందని చలికాలానికి వేరే టైర్లు వేసుకుంటారు. "నీకు చూపు పోతుంది, నాకు పట్టు పోతుంది తమ్ముడూ" అన్నాడు. కాసేపయ్యాక ముందు పోయేవాళ్ళందరూ నాలుగు ఇండికేటర్లు కొట్టుకుంటూ పోతుంటే అతనికి నవ్వు ఆగిపోయింది. వీళ్ళలో ఎవరు ఆగి ఉన్నారు, ఎవరు పోతున్నారు అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆగినప్పుడు వేయాల్సిన లైట్లు పోతూ వేస్తే ఎవరికైనా అంతే. లారీ వెనక లైటు పట్టుకుని పోవడం కూడా మానేశాను. ఒకసారి అలాగే పోయి, ధాబా ముందు లారీ ఆగితే దాని వెనక నేనూ ఆగాను.

ఇక లోపాలు. బల్బులు ఏడాదిన్నరకి మించి రాలేదు, ఇప్పటికి రెండు జతలు మార్చాను. నవంబర్ వానల్లో కుడి గ్లాసులోకి నీళ్ళు దిగాయి, సిలికాన్ పెట్టి మూసినా మరుసటి ఏడు మళ్ళీ దిగాయి. ఎదురు రాళ్ళకి గ్లాసు మీద చుక్కలు చుక్కలుగా గుంటలు పడ్డాయి. వెలుతురు అంచు ఆరు నెలలకోసారి జారుతుంది, మళ్ళీ గోడ దగ్గరికి తీసుకెళ్ళి సరిచేయాలి. మంచు లేనప్పుడు వేసుకుని తిరిగితే ఎదుటివాళ్ళకి చికాకు తప్ప మనకి ఒరిగేదేమీ లేదు. ఐదుకి మూడున్నర ఇస్తాను.

ఇంకో ఖర్చు కూడా ఇందులోనే కలపాలి. డిక్కీలో ఎర్ర రేడియం టేపు రోలు ఒకటి, కత్తెర ఒకటి పెట్టుకున్నాను. బంగారుపాళ్యం దగ్గర టీ కొట్టు ముందు చెరకు ట్రాక్టర్లు ఆగి ఉంటే, ట్రాలీ వెనక దుమ్ము తుడిచి రెండు మూలలా జానెడు జానెడు అంటిస్తాను. మొదట్లో పోలీసు మనిషినేమో అని భయపడేవాళ్ళు. ఇప్పుడు ఒకాయన "మా చిన్నాయన బండికి కూడా ఒక ముక్క ఇవ్వప్పా" అని అడిగి తీసుకున్నాడు. సంక్రాంతి తర్వాత కొన్న రోలు, అప్పుడే సగానికి వచ్చింది.