యుద్ధం నుంచి తిరిగిరాని తాత జాడ: వార్ గ్రేవ్స్ కమిషన్ సైటు ఎంతవరకు పనికొస్తుంది?

ప్రపంచ యుద్ధానికి సిపాయిగా వెళ్లిన తాతో ముత్తాతో ఇంటికి తిరిగి రాకపోయి ఉంటే, ముందు చూడాల్సింది కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైటే. రెండు ప్రపంచ యుద్ధాల్లో పోయిన బ్రిటిష్ సామ్రాజ్య సైనికుల సమాధులు, స్మారకాలు చూసుకునే సంస్థ అది. వెతకడానికి డబ్బు కట్టనక్కర్లేదు. సుమారు 17 లక్షల పేర్లున్నాయి. అయితే అవన్నీ చనిపోయినవాళ్ల పేర్లు. క్షేమంగా వచ్చి పింఛను తీసుకున్న తాత అక్కడ ఎంత వెతికినా దొరకడు.

మొదటి యుద్ధానికి 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 దాకా, రెండోదానికి 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 దాకా పోయినవాళ్లే లెక్క. కొలువులో ఉండగా ఆ మధ్య జబ్బుచేసి ఆసుపత్రిలో పోయినా చేరుస్తారు. 'యుద్ధం అయిపోయాక కదా పోయాడు' అని వదిలేయకండి.

తెలుగువాళ్లకు చిక్కంతా పేరు దగ్గరే. సైటులో ఇంటిపేరు గడి ఉంది కదా అని మన ఇంటిపేరు కొడితే చాలాసార్లు ఏమీ రాదు. సైన్యం గుమస్తా ఇంటిపేరు రాసుకోకపోతే అసలు పేరే ఆ గడిలో కూర్చుంటుంది. పైగా స్వామి ఒకచోట 'సామి', ఇంకోచోట 'స్వామీ'. అయ్య చివర్లకైతే ఇంగ్లీషులో ఎన్ని స్పెల్లింగులో! అందుకే పేరు గడి ఖాళీగా వదిలేసి వెనకనుంచి రావడం మేలు. అడ్వాన్స్‌డ్ సెర్చ్‌లో భారత సైన్యం ఎంచుకుని, ఏ యుద్ధమో చెప్పి, 'అడిషనల్ ఇన్ఫర్మేషన్' గడిలో జిల్లా పేరు ఇంగ్లీషులో వేయండి. తండ్రి, భార్య, ఊరు వివరాలు ఉండేది అక్కడే.

జిల్లా పేరు కూడా ఆనాటిదే కావాలి. విశాఖ అప్పుడు విజగాపటం, కృష్ణ కిస్ట్నా, కడప కడ్డపా. శ్రీకాకుళం జిల్లా 1950లో, ప్రకాశం 1970లో ఏర్పడ్డాయి కాబట్టి ఆ పేర్లతో వెతకడం దండగ. శ్రీకాకుళం ఊరిని చికాకోల్ అనేవారు. 1936 దాకా అది గంజాం జిల్లాలో ఉండేది. ఫలితాలు వందల్లో వస్తే పట్టికను డౌన్‌లోడ్ చేసుకుని తండ్రి పేరు, ఊరు చూసుకుంటూ వడపోయండి. దళం తెలుసనుకుని మద్రాస్ రెజిమెంట్‌కే కట్టుబడొద్దు. సాపర్లు (ఇంజనీరింగ్ దళం), పయనీర్లు (దారులు, కట్టడాల పనిచేసే దళం), సర్వీస్ కోర్ (సరుకులు చేరవేసే దళం), వైద్యదళం అన్నీ చూడాలి. మరణం తేదీని కూడా ఒక్కరోజుకు కుదించకండి. గల్లంతైనవాళ్లకు కొన్నిచోట్ల ఫలానా రోజునుంచి ఫలానా రోజు మధ్య అనే రాసి ఉంటుంది.

దొరికిన పేజీని ఎలా చదవాలో సైటు సరిగ్గా చెప్పదు. హిందూ సిపాయిలను వీలైనచోట దహనం చేశారు గనుక చాలామందికి సమాధి ఉండదు, స్మారకం మీద పేరు మాత్రమే ఉంటుంది. రంగూన్ మెమోరియల్‌లో సుమారు 27,000 పేర్లున్నాయి. అక్కడ పేరుందంటే రంగూన్‌లోనే పోయాడని కాదు, బర్మా పోరులో ఎక్కడైనా కావచ్చు. పేజీలో ఇచ్చే 'ఫేస్' నంబరు రాతిపలకది, సమాధిది కాదు.

పేరు లేదంటే వెళ్లలేదనీ కాదు. మొదటి యుద్ధంలో పోయిన కనీసం 1,16,000 మందికి, ముఖ్యంగా ఆఫ్రికా, మధ్యప్రాచ్యాల్లో పనిచేసినవారికి, పేరుతో స్మారకం లేదనీ, అసలు సంఖ్య 3,50,000 దాకా ఉండొచ్చనీ కమిషన్ నివేదికే 2021లో ఒప్పుకుంది. ఈ సైటుకు ఐదుకు నాలుగు మార్కులే ఇవ్వడానికి ఇదే కారణం.

తాత తిరిగొచ్చి ఉంటే దారి వేరు. ఆయన దళపు రికార్డు ఆఫీసుకు ఉత్తరం రాయాలి: మద్రాస్ రెజిమెంట్‌కు నీలగిరిలోని వెల్లింగ్టన్, మద్రాస్ సాపర్లకు బెంగళూరు. సిపాయి సర్వీసు నంబరు, తండ్రి పేరు, ఆనాటి తాలూకా, జిల్లా రాసి, డిశ్చార్జి కాగితం గానీ పింఛను పుస్తకం గానీ ఉంటే నకలు జతచేయండి. నంబరు లేని ఉత్తరం ముందుకు కదలడం కష్టం. కాగితాలేవీ మిగలకపోయినా మొదటి యుద్ధపు గుండ్రటి పతకం ఇంట్లో ఉంటే దాని అంచు చూడండి. నంబరు, హోదా, పేరు, దళం అక్కడే కొట్టి ఉంటాయి. మెరుస్తుందని చింతపండుతో తోమకండి, అక్షరాలు అరిగిపోతాయి. అది 'బ్రిటిష్ వార్ మెడల్' అయ్యుండి, వెండిది కాక కంచుదైతే లేబర్ కోర్ (కూలిపనుల దళం) వైపు వెతకండి.