రాస్ప్‌బెర్రీ పై 4 సర్వర్: అంతా బాగుంది, ఆ తాళం దగ్గరే తంటా

మా కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ ల్యాబ్‌లో రాస్ప్‌బెర్రీ పై 4 అనే అరచేతిలో పట్టే కంప్యూటర్ బోర్డు చాలాకాలంగా వెబ్ సర్వర్‌గా ఉంది. తర్వాత దాని పక్కకి శాండీ బ్రిడ్జ్ (2011 నాటి ఇంటెల్ ప్రాసెసర్ల తరం) కాలం నాటి ఐ5 థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాప్ ఒకటి చేరింది. మధ్యలో కొన్ని వారాలు స్నేహితుడి దగ్గర ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ ఉన్న మినీ పీసీ అడిగి తెచ్చి వాడి చూశాను. ఎన్ని కోర్లు, ఎంత ర్యామ్ లాంటివి ఎక్కడైనా దొరుకుతాయి, వదిలేస్తున్నాను. పై 4 మీద నాకున్న కోపం ఒక్కటే. దాని ప్రాసెసర్‌లో ఏఈఎస్ (డేటాని రహస్యంగా మార్చే పద్ధతుల్లో ఒకటి) ఎన్‌క్రిప్షన్‌ని వేగంగా చేసే విడి ఇన్‌స్ట్రక్షన్లు లేవు. ఆ ప్రాసెసర్ వాడే ఆర్మ్ డిజైన్‌లో అది ఐచ్ఛికం, ఈ చిప్‌లో పెట్టలేదు. అడ్రస్ బార్‌లో తాళం బొమ్మ, అంటే హెచ్‌టీటీపీఎస్ ఎన్‌క్రిప్షన్, లేకపోతే బ్రౌజర్లు గోల చేసే రోజుల్లో, 2019లో వచ్చిన బోర్డులో అది లేకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ల్యాబ్ లోపల వాడే సర్వర్‌కి హెచ్‌టీటీపీఎస్ ఎందుకని అడిగేవాళ్లున్నారు. మా మూడుల్ (పాఠాలు, క్విజ్‌లు నడిపే సాఫ్ట్‌వేర్) సైట్‌లో స్పోకెన్ ఇంగ్లిష్ పిల్లలు గొంతు రికార్డు చేసి పంపాలి. ఎన్‌క్రిప్షన్ లేని పేజీకి బ్రౌజర్ మైక్ ఇవ్వదు. అందుకే సొంత డొమైన్ కొని, డీఎన్ఎస్ ద్వారా హెచ్‌టీటీపీఎస్‌కి కావాల్సిన లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచిత సర్టిఫికెట్ తీసుకున్నాం. ఎంజినెక్స్ (పేజీలు, ఫైళ్లు పంపే ప్రోగ్రాం), పీహెచ్‌పీ (మూడుల్‌ని నడిపేది), డేటాబేస్ అన్నీ ఆ చిన్న బోర్డు మీదే. డేటాబేస్‌ని ఎస్‌డీ కార్డు మీద ఉంచితే కార్డు ఎప్పుడు పోతుందో చెప్పలేం, అందుకని యూఎస్‌బీ ఎస్‌ఎస్‌డీ పెట్టాం. ఆ తర్వాత దాని జోలికి వెళ్లాల్సిన పనే రాలేదు. చిన్న చిన్న పేజీలతో అపాచీ బెంచ్ అనే వేగ పరీక్ష నడిపితే వచ్చిన అంకెలు చూసి, ల్యాబ్‌లు నడిపే తోటివాళ్లందరికీ పై 4 కొనుక్కోమనే చెప్పాను.

తర్వాత ఒక ఏప్రిల్ మధ్యాహ్నం లైనక్స్ బ్యాచ్‌కి ఇన్‌స్టలేషన్ క్లాసు పడింది. ఉబుంటు 24.04 డెస్క్‌టాప్ ఐఎస్ఓ (ఇన్‌స్టలేషన్ ఫైల్) ఒక్కొక్కటి 6 జీబీకి దగ్గరగా ఉంటుంది. దాని లింకు మూడుల్‌లోనే పెట్టాం, పిల్లలంతా ఒకేసారి నొక్కారు. అదే టైమ్‌లో పక్క గదిలో టాలీ బ్యాచ్‌కి టైమర్ పెట్టిన క్విజ్ నడుస్తోంది. ముందు ఒకమ్మాయి వచ్చి, "మేడమ్, సబ్మిట్ నొక్కితే తిరుగుతూనే ఉంది" అంది. ఆమె వెనకే ఇంకో ఇద్దరు. టైమర్ మాత్రం ఎవరి కోసమూ ఆగదు కదా, గదిలో టెన్షన్ మొదలైంది.

ఏది ఎంత ప్రాసెసర్ తింటోందో చూపే టాప్ కమాండ్ కొడితే ఎంజినెక్స్ వర్కర్లు (దాని పని పంచుకునే ప్రాసెస్‌లు) నాలుగూ పైన కూర్చుని ఉన్నాయి, పీహెచ్‌పీకి కోర్ దొరకడమే గగనంగా ఉంది. నెట్‌వర్క్ కేబుల్ ఇంకా నిండనే లేదు. బోర్డు ఉష్ణోగ్రత 80 డిగ్రీల దగ్గర ఆడుతోంది. పై 4 సరిగ్గా అక్కడి నుంచే తన వేగం తాను తగ్గించుకోవడం మొదలుపెడుతుంది. ఫ్యాన్ లేని ప్లాస్టిక్ డబ్బా, ఏప్రిల్ ఎండ, పైగా ఆ గదిలో ఏసీ లేదు. పని పెరిగితే వేడి, వేడి పెరిగితే నిదానం, నిదానమయ్యేకొద్దీ క్యూలో పడే రిక్వెస్టులు. చివరికి ఐఎస్ఓ లింకు తీసేసి, డౌన్‌లోడ్లు ఆపించి, క్విజ్‌కి అదనపు సమయం ఇచ్చాక గానీ గొడవ సద్దుమణగలేదు.

మర్నాడు డబ్బా మూత తీసి ఫ్యాన్ పెట్టి మళ్లీ అదే పని చేయించాను. వేడి తగ్గింది, క్విజ్ కొంచెం కదిలింది. వర్కర్లు మాత్రం అలాగే కోర్లను తినేస్తున్నాయి. అదే ఐఎస్ఓని మామూలు హెచ్‌టీటీపీలో ఇస్తే గిగాబిట్ లైను నిండిపోయింది, ప్రాసెసర్ తాపీగా ఉంది. మామూలు హెచ్‌టీటీపీలో ఎంజినెక్స్ సెండ్‌ఫైల్ అనే సౌకర్యం వాడుతుంది. ఫైల్ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నల్ లోంచే నేరుగా నెట్‌వర్క్‌కి వెళ్లిపోతుంది. తాళం వేశామా, ప్రతి ముక్కనీ కెర్నల్ నుంచి ఎంజినెక్స్ దాకా పైకి తెచ్చి, ఎన్‌క్రిప్ట్ చేసి, మళ్లీ కిందికి పంపాలి. సీపీయూ వివరాలున్న ఫైల్ తెరిచి ఫీచర్ల వరుస చూశాను. పై 4లో ఆ వరుస చాలా పొట్టి. ఏఈఎస్ లేదు, దాని తోటి ఎన్‌క్రిప్షన్ ఇన్‌స్ట్రక్షన్లు పీముల్, షా1, షా2 కూడా లేవు. థింక్‌ప్యాడ్‌లో ఏఈఎస్ అన్న మాట కనిపిస్తుంది.

ఎన్‌క్రిప్షన్ పని చేసే సాఫ్ట్‌వేర్ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లోని స్పీడ్ టెస్టు నడిపితే లెక్క తేలిపోయింది. పై 4లో ఒక్క కోర్ ఏఈఎస్ జీసీఎమ్‌ని (హెచ్‌టీటీపీఎస్‌లో వాడే ఏఈఎస్ రకం) సెకనుకు 100 మెగాబైట్లు కూడా దాటించలేకపోయింది. గిగాబిట్ లైను మోయగలిగేది సెకనుకు 110 మెగాబైట్ల పైమాటే. ఒక కనెక్షన్‌ని ఎంజినెక్స్ ఒకే వర్కర్‌కి అప్పగిస్తుంది కాబట్టి, ఒక్కరే డౌన్‌లోడ్ చేసినా లైను నిండదు. అందరూ కలిసి చేస్తే నాలుగు కోర్లూ దానికే సరిపోతాయి, మూడుల్ ఎండిపోతుంది. ఎప్పుడో 2011 నాటి థింక్‌ప్యాడ్ ఐ5 మాత్రం ఇదే టెస్టులో పది రెట్లకు దగ్గరగా వెళ్లింది. ఈ టెస్టు మీరూ చేస్తే ఈవీపీ అనే ఆప్షన్ పెట్టడం మరవద్దు. పాత ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వెర్షన్లలో అది లేకపోతే ఇంటెల్ చిప్ కూడా తన ఏఈఎస్ ఇన్‌స్ట్రక్షన్లు వాడదు, అనవసరంగా దాన్ని తిట్టుకుంటారు.

దీనికి విరుగుడు లేకపోలేదు. చాచా20 అనే ఇంకో ఎన్‌క్రిప్షన్ పద్ధతి ప్రత్యేక ఇన్‌స్ట్రక్షన్లు లేకుండానే బాగా నడుస్తుంది. పై 4లో అది ఏఈఎస్ కంటే రెండింతలకు పైనే వచ్చింది. అయితే అందరూ చెప్పే, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లోని ప్రయారిటైజ్ చాచా సెట్టింగ్ మా ల్యాబ్‌లో ఏమాత్రం పనిచేయలేదు. కారణం చూస్తే సులువే. ఎదుటి బ్రౌజర్ తన జాబితాలో చాచాని మొదట పెడితేనే సర్వర్ దాన్ని ఎంచుకుంటుంది. మా ల్యాబ్ పీసీలన్నిటికీ ఏఈఎస్ ఉంది, కాబట్టి వాటి బ్రౌజర్లు ఏఈఎస్‌నే ముందు పెడతాయి. చివరికి హెచ్‌టీటీపీఎస్ వెనకుండే టీఎల్ఎస్ 1.3 పద్ధతుల జాబితాలో చాచాని పైన రాసి, సర్వర్ ఇష్టమే చెల్లాలని చెబితే గానీ దారికి రాలేదు. ఐఎస్ఓలని హెచ్‌టీటీపీకి మార్చేద్దామన్నా కుదరలేదు. తాళం ఉన్న పేజీ లోంచి తాళం లేని డౌన్‌లోడ్‌ని క్రోమ్ అడ్డుకుంటుంది. ఇప్పుడు లైనక్స్ బ్యాచ్‌ చేత డబ్ల్యూగెట్‌తో హెచ్‌టీటీపీలోనే దింపించి, ఫైల్ మారలేదని తేల్చే చెక్‌సమ్ సరిచూడమంటున్నాను. అదీ ఒక పాఠమే అయింది వాళ్లకి.

పోనీ ఆర్మ్ అంటేనే ఇంత అనుకోవాలా అంటే అదీ లేదు. 2023లో వచ్చిన పై 5లో ఈ ఇన్‌స్ట్రక్షన్లు ఉన్నాయి. అమెజాన్ క్లౌడ్‌లోని గ్రావిటాన్2 కూడా ఆర్మే, దానికీ ఉన్నాయి. మా బయటి వెబ్‌సైట్ అలాంటి దాని మీదే నడుస్తోంది, నాకు ఏ ఫిర్యాదూ లేదు. 6 జీబీ ఫైళ్లు ల్యాబ్‌కి క్లౌడ్ నుంచి దింపుకోవాలంటే మాత్రం మా బ్రాడ్‌బ్యాండ్ ఒప్పుకోదు.

థింక్‌ప్యాడ్ సంగతి. ఎన్‌క్రిప్షన్ భారం దాని ఒంటికి తెలియనే తెలియదు. కరెంటు పోయినప్పుడల్లా బ్యాటరీ ఆదుకుంటుంది, నెట్‌వర్క్ స్విచ్ ఎలాగూ యూపీఎస్ మీద ఉంది. ఈ ఒక్క సుఖం కోసమే దాని మీద నాకు అభిమానం పెరిగింది. కాకపోతే రోజంతా చార్జింగ్‌లో ఉంటే బ్యాటరీ ఉబ్బుతుందన్న భయం ఉంది, అందుకని 80 శాతం దగ్గర ఆగేలా పెట్టాను. ఫ్యాన్ శబ్దానికి ఆఫీసు గదిలో ఉన్నవాళ్లు విసుక్కుంటారు. పై 4 ఖాళీగా ఉంటే 3 వాట్ల దరిదాపుల్లో ఉంటుంది. ఇది అంతకు 15 వాట్లు ఎక్కువ తాగినా నెలకు 10 యూనిట్ల పైన అదనం. ఇంకో మాట, అదే తరం ఐ3 ల్యాప్‌టాప్ మీ దగ్గరుంటే ఆశపడకండి. శాండీ బ్రిడ్జ్ ఐ3లలో ఇంటెల్ ఈ ఇన్‌స్ట్రక్షన్లు ఇవ్వలేదు.

ఎన్100 గురించి ఎక్కువ చెప్పడానికేమీ లేదు. మూడింటిలో వేగం దానిదే, కరెంటూ పొదుపే. అడిగి తెచ్చిన వస్తువు కాబట్టి ఏళ్ల తరబడి ఎలా ఉంటుందో నేను పూచీ పడలేను. దానితో వచ్చిన అడాప్టర్ మీద కూడా నాకు పెద్ద నమ్మకం కలగలేదు.

మీది చిన్న సైట్ అయితే, ఇంటి నుంచి బయటికి ఇచ్చేదైతే, పై 4 చాలు. మీ అప్‌లోడ్ వేగం 100 ఎంబీపీఎస్ ఉంటే సెకనుకు 12 మెగాబైట్లే, ఏఈఎస్ దానికి అడ్డు రాదు. నా లోటు నా పని వల్ల వచ్చింది: లోపలి గిగాబిట్ లైను, పెద్ద ఫైళ్లు, వాటి పక్కనే క్విజ్. ఆ పనుల్ని ఇప్పుడు రెండు మెషిన్లకీ పంచాను. మూడుల్, ఐఎస్ఓలు థింక్‌ప్యాడ్ మీద, పాఠాల పీడీఎఫ్‌లు, ల్యాబ్ డీఎన్ఎస్ పై 4 మీద. చాచా సెట్టింగ్ తీయలేదు. జూన్ బ్యాచ్‌లకి అడ్మిషన్లు బాగుంటే ఎన్100 కొంటామని మా ఓనర్ గారు అన్నారు. లేదంటే పాత బ్యాటరీ ఎంతకాలం వస్తే అంతకాలం.