మూడేళ్లుగా మా హాల్లో ఉన్న తెల్లబోర్డు: వాడాక నాకు తెలిసినవి

బోర్డు కొలతలు, ధర ఇక్కడ రాయడం లేదు. ఏ స్టేషనరీ షాపులో అడిగినా ఇచ్చే మామూలు తెల్లబోర్డే, మార్కర్‌తో రాసి గుడ్డతో తుడిచేది. పిల్లల ట్యూషన్‌కి కొంటుంటారు. నేను కొన్నది మా ఆయన కోసం. 2022 ఫిబ్రవరిలో ఒక రాత్రి షాపు కట్టేసి వస్తుంటే, రంగు వెయ్యని స్పీడ్ బ్రేకర్ మీద బండి ఎగిరి పడ్డారు. హెల్మెట్ బండి అద్దానికి తగిలించి ఉంది. 19 రోజులు ఐసీయూ, ఆ తర్వాత వార్డు, ఏప్రిల్‌లో ఇల్లు. ఆ వారంలోనే బోర్డు కూడా వచ్చింది.

అప్పట్నుంచి మా ఇంట్లోకి గాలి పరుపు వచ్చింది, వీల్‌చైర్ వచ్చింది, వాకర్, కాలికి కట్టే స్ప్లింట్ వచ్చాయి. ఒక్కొక్కటీ పని అయిపోయాక అటక ఎక్కాయి. ఈ బోర్డు మాత్రం గోడ దిగలేదు. చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించిన వస్తువు నాకు ఇదొక్కటే. ఎందుకో చెప్తాను. ఒకసారి ఇదే బోర్డు మమ్మల్ని ఎక్కడ దాకా తీసుకెళ్లిందో కూడా చెప్తాను, ఆ తప్పు నాదే అయినా సరే.

ఆస్పత్రి కేస్ షీట్ మీద జీసీఎస్ 6 అని ఉంది, అంటే మనిషికి స్పృహ ఎంత ఉందో చెప్పే అంకె. 15కి 6 అన్నమాట. ఎనిమిది గానీ, అంతకన్నా తక్కువ గానీ వస్తే తీవ్రమైన దెబ్బ కింద లెక్క. కళ్లు తెరిచారు, మాట్లాడారు, అన్నం తిన్నారు, ఇంక గండం గడిచిందనుకున్నాం. అసలు సంగతి ఇంటికొచ్చాకే తెలిసింది. "ఇవాళ ఏ వారం?" "మనం ఎవరింట్లో ఉన్నాం?" "నా బండేది?" "నా తలకేమైంది?" చెప్పిన పది నిమిషాలకి మళ్లీ మొదటి నుంచి. రోజు జరిగింది రోజు తలలో నిలవడం మొదలయ్యే వరకు ఉండే ఈ దశని పోస్ట్ ట్రామాటిక్ ఆమ్నీజియా అంటారనీ, అది వారం దాటిందంటే దెబ్బ చాలా గట్టిదని అర్థమనీ డాక్టరు చెప్పారు. మా ఆయనకి అది వారాల తరబడి సాగింది.

మొదటి పదిసార్లు ప్రేమగానే చెప్తాం. ఇరవయ్యోసారి గొంతు మారుతుంది. యాభయ్యోసారి నేను అరిచాను. ఎందుకు అరిచానో ఆయనకి తెలీదు, అంతకుముందు 49 సార్లు చెప్పానని కూడా తెలీదు. ఆయన వరకు అది మొదటిసారి అడగడమే, మొదటిసారి అడిగినందుకే నేను అరిచాను. ఆ ముఖం చూసిన రోజు సాయంత్రమే బోర్డు కొన్నాను.

దీన్లో ఉన్న ఒకే ఒక్క గొప్ప గుణం ఏంటంటే, వందోసారి చూసినా మొదటిసారి చెప్పినట్టే చెప్తుంది. విసుగు లేదు, నిట్టూర్పు లేదు. "ఈరోజు మంగళవారం. ఇది కాకినాడలో మన ఇల్లు. మీకు యాక్సిడెంట్ అయింది, తలకి దెబ్బ తగిలింది, ఇప్పుడు తగ్గుతోంది. పాప స్కూల్‌కి వెళ్లింది, నాలుగున్నరకి వస్తుంది. పొద్దుటి మాత్రలు వేసుకున్నారు." ఐదు లైన్లు, అంతే. మొదట్లో పది రాశాను, చదవడం మొదలుపెట్టి మధ్యలోనే అలిసిపోయి కళ్లు మూసుకునేవారు. మాత్రల లైన్ పక్కన టిక్కు పెట్టడం మొదలుపెట్టాక మళ్లీ మళ్లీ మాత్రలు అడగడం ఆగింది. ఆ ఒక్కదానికే బోర్డు డబ్బులు తీరిపోయాయి.

ఎక్కడ తగిలించాలన్నది కూడా మాకు తెలీక చేసుకున్న పొరపాటే. మొదట మంచానికి ఎడమ పక్క గోడకి కొట్టాం. వారం రోజులు ఆయన దాని వైపే చూడలేదు. చూపు బాగానే ఉంది, కానీ మెదడు కుడి వైపు దెబ్బ తగిలితే ఎడమ పక్కన ఉన్నవి ఉన్నట్టే తోచవట. కంచంలో ఎడమ పక్క కూర ఎందుకు మిగిలిపోతోందో అప్పుడు అర్థమైంది. బోర్డు కుడి వైపుకి మార్చిన రోజే చదివారు. ఇంకొకటి, దీని నునుపు. సాయంత్రం ట్యూబ్‌లైట్ వేస్తే సగం బోర్డు మెరుపే. పైన రెండు చెక్క ముక్కలు పెట్టి కొంచెం ముందుకి వంచితే గానీ ఆ బాధ పోలేదు.

రోజువారీ పనులు మళ్లీ చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్ట్ అమ్మాయి మొదటి రోజే ఒక మాట చెప్పింది: "పరీక్షలు పెట్టకండి మేడమ్." మనవాళ్లకి ఇది చెప్తే కోపం. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లూ మంచం పక్కన నిలబడి "నన్ను గుర్తుపట్టావా? నా పేరు చెప్పు చూద్దాం" అనేవారు. ఆయన ఏదో ఒక పేరు చెప్పేవారు, తప్పు. అందరూ నవ్వి "కాదు కాదు" అనేవారు. ఆ "కాదు" మర్చిపోతారు, నోటితో పలికిన తప్పు పేరు మాత్రం ఉండిపోతుంది. మర్నాడు అదే మనిషిని అదే తప్పు పేరుతో పిలిచేవారు. అందుకే అడగకుండా ముందే సరైన జవాబు చూపించాలి, తప్పు చేసే అవకాశమే ఇవ్వకూడదు. ఇంగ్లాండులో అలన్ బాడ్లీ, బార్బరా విల్సన్ అనే సైకాలజిస్టులు 1994లోనే జ్ఞాపకం దెబ్బతిన్నవాళ్ల మీద దీన్ని పరీక్షించి చూపించారని తర్వాత చదివాను. మా బోర్డు చేసిన పని అదే. ఆయన అడిగేలోపే జవాబు కళ్ల ముందుంది.

ఇప్పుడు అసలు సంగతి.

మా మావయ్యగారు 2019 కార్తీకమాసంలో పోయారు. దెబ్బతో మా ఆయనకి యాక్సిడెంట్ రోజే కాదు, అంతకు ముందు మూడు నాలుగేళ్లు కూడా చెరిగిపోయాయి. "నాన్నేరి?" అని అడిగారు. నిజం చెప్పాను. అప్పుడే కబురు తెలిసిన మనిషి ఎలా ఏడుస్తారో అలా ఏడ్చారు. ఏడ్చి, అలిసి, పడుకుని లేచి "నాన్నేరి?" అన్నారు. ఒకే రోజు మూడుసార్లు ఆయనకి తండ్రి పోయారు. మూడోసారి అత్తయ్యగారు వంటింట్లోంచి వచ్చి నా మాటకి అడ్డం పడి "ఊరెళ్లార్రా, వచ్చేస్తారు" అన్నారు. ఆయన స్థిమితపడ్డారు. కాఫీ అడిగారు.

ఆ రాత్రి నేను బోర్డు మీద ఆరో లైన్ రాశాను. "నాన్న ఊరెళ్లారు."

ఆరు వారాలు ఆ లైన్ ఉంది. మిగతావన్నీ రోజూ మారేవి, వారం, తేదీ, కూర, పాప. అదొక్కటే మార్చనక్కర్లేదు కనుక తుడవలేదు. ఇల్లు ప్రశాంతంగా ఉంది. ఆయన అడగడం మానేశారు. బోర్డు ఎంత మంచిదో అని ఎదురైన వాళ్లందరికీ చెప్పాను.

జూలైలో ఒక మధ్యాహ్నం వాన పడుతోంది. నేను మేడ మీద బట్టలు తీసి కిందికొచ్చేసరికి మంచం ఖాళీ. చెప్పులు లేవు. గొడుగు లేదు. యాక్సిడెంట్ అయ్యాక ఆయన ఒంటరిగా గుమ్మం దాటలేదు, అలాంటిది రోడ్డు. మూడు గంటలు వెతికాం. చివరికి మా వీధి ఆటో అబ్బాయి ఫోన్ చేశాడు, బస్టాండులో ఉన్నారని. వెళ్లేసరికి రామచంద్రపురం బస్సులు ఆగే చోట నిలబడి ఉన్నారు. గొడుగు మూసి చంకలో పెట్టుకుని పూర్తిగా తడిసిపోయారు. నన్ను చూసి "నాన్న గొడుగు తీసుకెళ్లలేదు" అన్నారు.

థెరపిస్ట్‌కి చెప్తే ఆ అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా చెప్పింది. ఒకే మాట, రోజూ, తప్పు లేకుండా, అడగక ముందే కళ్ల ముందు పెడితే అలా లోపలికి దిగుతుందని. తను నేర్పిన పద్ధతే. అంటే యాక్సిడెంట్ తర్వాత ఆయన కొత్తగా నేర్చుకుని గుర్తుపెట్టుకున్న మొదటి విషయం నేను రాసిన అబద్ధం. ఇంటికొచ్చి ఆ లైన్ ఎదురుగా కూర్చుని ఏడ్చాను.

తుడిచేద్దామంటే అక్కడ బోర్డు లోపం బయటపడింది. ఇది కొనేవాళ్లంతా తప్పకుండా తెలుసుకోవాలి. రోజూ తుడిచే రాత గుడ్డకే పోతుంది. వారాల తరబడి వదిలేసిన రాత పోదు. అక్షరాలు బూడిద రంగులో నీడలా మిగిలిపోయాయి. రెండు రోజుల తర్వాత చూస్తే మా ఆయన దాని ముందు నిలబడి, ఆ నీడ మీద వేలు పెట్టి, కూడబలుక్కుని చదువుతున్నారు. "నా... న్న... ఊ..." పుండ్లు పడకుండా వీపుకి రాసిన సర్జికల్ స్పిరిట్ సీసా అటక మీద మిగిలి ఉంది. దూదికి అద్ది రుద్దితే అప్పుడు పోయింది. స్పిరిట్ లేకపోతే ఆ నీడ మీదే కొత్త మార్కర్‌తో రాసి వెంటనే తుడిచినా చాలావరకు వస్తుంది. మారని లైన్ అయినా సరే, రోజూ తుడిచి మళ్లీ రాయండి. నేను ఇప్పుడు అలాగే చేస్తున్నాను. రాసే ముందు ఇది నిజమేనా అని ఒక్క క్షణం ఆగుతాను కూడా.

నిజాన్ని బోర్డు మీద రాయలేదు. హాల్లో వచ్చేపోయేవాళ్లు చదువుతారు, పైగా తండ్రి చావు పొద్దస్తమానం గోడ మీద ఉంటే ఎవరికి మాత్రం బాగుంటుంది? థెరపిస్ట్ సలహా మీద ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టాం. అందులో దండ వేసిన మావయ్యగారి ఫోటో, దాని కింద అత్తయ్యగారి చేతిరాతలో "నాన్న 2019 కార్తీకమాసంలో పోయారు. తలకొరివి నువ్వే పెట్టావు. మేమందరం నీతోనే ఉన్నాం." ఆయన అడిగినప్పుడు మాలో ఒకరం పక్కన కూర్చుని, భుజం మీద చెయ్యి వేసి, ఆ పేజీ తీసేవాళ్లం. ఏడ్చేవారు. అడగడానికీ అడగడానికీ మధ్య రోజులు పెరిగాయి, ఏడుపు తగ్గింది. దసరా దాటాక ఒక తెల్లవారుజామున నన్ను లేపి "నాన్న పోయారు కదా?" అన్నారు. నేను పుస్తకం కోసం చెయ్యి చాపాను. "వద్దులే, తెలుసు" అన్నారు.

పైన వందోసారి కూడా విసుక్కోదని రాశాను కదా, దానికి ఒక సవరణ ఉంది. బోర్డు విసుక్కోదు, కానీ బోర్డు ఉందన్న ధైర్యంతో మనం మాట్లాడడం మానేస్తాం. రెండో ఏడాదికి నాకు ఇది అలవాటైపోయింది. ఆయన ఏదన్నా అడగ్గానే తల కూడా ఎత్తకుండా గరిటెతో గోడ వైపు చూపించేదాన్ని. ఒకరోజు ఆయన అటు తిరగలేదు. "బోర్డు కాదు, నువ్వు చెప్పు" అన్నారు. స్టవ్ ఆపి వెళ్లి చెప్పాను.

కోపాల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే వాటికి బోర్డు ఏమీ చెయ్యలేదు. చిన్నదానికి కంచం విసిరేవారు. నుదుటి వెనక భాగం దెబ్బతింటే ఇలా అవుతుందన్నారు. ఫిట్స్ రాకుండా ఇచ్చిన లెవెటిరాసిటమ్ కూడా కొందరిలో చిరాకు పెంచుతుందని డాక్టరు చెప్పి మందు మార్చాక కొంత నయమైంది. మీ ఇంట్లో ఇలాగే ఉంటే డాక్టర్ని అడగండి, సొంతంగా మాత్రం ఆపకండి. హఠాత్తుగా ఆపితే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది.

ఇప్పుడు రోజూ రెండు గంటలు షాపుకెళ్తున్నారు. మోటార్ వైండింగ్ ఆయన పని. ఏ మోటారుకి ఎన్ని చుట్లో చేతులకి తెలుసు, ఆ చేతులు అసలు ఏదీ మర్చిపోలేదు. పొద్దున చుట్టిన మోటారు ఎవరిదో మాత్రం మధ్యాహ్నానికి తెలీదు. అక్కడ ఈ బోర్డు పనికిరాదు, గోడని జేబులో పెట్టుకెళ్లలేం కదా. చొక్కా జేబులో చిన్న పుస్తకం, పెన్ను. గుమ్మం దాటితే అదే బోర్డు.

మరి కొనమంటారా అంటే, మా ఇంటి సంగతి మాత్రమే చెప్పగలను. మా ఆయనకి చదవడం పోలేదు. మాట, చదువు దెబ్బతిన్నవాళ్లకి రాతల కన్నా బొమ్మలు, ఫోటోలు నయం కావచ్చు, మీ థెరపిస్ట్‌ని అడగండి. ఇంట్లో రోజూ పొద్దున్నే తుడిచి రాసే మనిషి ఒకరుండాలి. మాకు నేనున్నాను, నేను లేనప్పుడు అత్తయ్యగారున్నారు. నిన్నటి తేదీ ఉన్న బోర్డు కన్నా ఖాళీ గోడ మేలు.

ఈ సంక్రాంతికి జరిగింది చెప్పి ఆపుతాను. ఏడాది నుంచి కింద కుడి మూలలో కొంచెం చోటు ఆయనకి వదిలాను. పాలు, బ్లేడ్లు, పాప ఫీజు, ఏది గుర్తొస్తే అది రాసుకుంటారు. భోగికి నాలుగు రోజుల ముందు పొద్దున చూస్తే పండగ సామాను రాసి ఉంది. బెల్లం, నువ్వులు, పాపకి గౌను, చివర "నాన్నకి పంచె". గుండె ఆగినట్టయింది. తడిసిన చొక్కాతో బస్టాండులో నిలబడ్డ మనిషే కళ్ల ముందుకొచ్చారు. టెన్షన్ పైకి కనపడనీయకుండా "పంచె ఎందుకండీ?" అని అడిగాను.

"పండగ రోజు పెద్దలకి బట్టలు పెట్టాలి కదా. పోయినేడు పెట్టామో లేదో నాకు గుర్తులేదు" అన్నారు. చెప్పులేసుకుంటూ మళ్లీ వెనక్కి తిరిగి "ఎర్రంచు వద్దు, నాన్న కట్టరు" అన్నారు.

ఆకుపచ్చ అంచుది తెచ్చాం.