ఓడీబీసీలో (ప్రోగ్రామ్ నుంచి డేటాబేస్‌ను వాడే ఇంటర్‌ఫేస్) కాలమ్ విలువలు చదవడానికి బైండ్‌కాల్ (SQLBindCol) మేలా, గెట్‌డేటా (SQLGetData) మేలా?

బైండ్‌కాల్‌తో వేరియబుల్ అడ్రసు ఒక్కసారి ఇస్తే చాలు, ఫెచ్ (తర్వాతి వరుసను తెచ్చే ఫంక్షన్) పిలిచిన ప్రతిసారీ డ్రైవరే (డేటాబేస్‌తో మాట్లాడే లైబ్రరీ) విలువ నింపేస్తుంది. లక్ష వరుసలు చదవాలంటే ఇదే నయం. చిక్కల్లా ఆ అడ్రసుతోనే: బఫర్‌ను (విలువ పడే చోటును) లోకల్ వేరియబుల్‌గా పెట్టి, ఆ ఫంక్షన్ నుంచి బయటికొచ్చాక ఫెచ్ చేస్తే డ్రైవర్ ఎవరి మెమరీలోనో రాసేస్తుంది. ఇండికేటర్ (విలువ పొడవును, లేదా అది నల్ అన్న సంగతిని డ్రైవర్ రాసే వేరియబుల్) ఇవ్వకపోతే నల్ (విలువ లేని గడి) రాగానే 22002 ఎర్రర్. 64 బిట్‌లో ఆ ఇండికేటర్ 8 బైట్లు. మామూలు ఇంట్ ఇచ్చారో, పక్క వేరియబుల్ పాడైనట్టే.

గెట్‌డేటా అంటే ఫెచ్ అయ్యాక కాలమ్‌కో పిలుపు, కాబట్టి నిదానం. కానీ పొడవెంతో తెలియని టెక్స్ట్‌కు ఇదే దారి: 4096 బైట్ల బఫర్‌తో మళ్లీ మళ్లీ పిలవాలి. 01004 హెచ్చరిక వస్తే ఇంకా మిగిలుంది, ఫంక్షన్ 0 (SQL_SUCCESS) తిరిగిస్తే అదే చివరి ముక్క. చాలా డ్రైవర్లలో బైండ్ చేసిన కాలమ్‌ల తర్వాతివే, అదీ వరుసలోనే అడగాలి. అందుకే పొడవాటి కాలమ్‌ను సెలెక్ట్‌లో చివర పెట్టండి.