ఇంటిల్లిపాదీ వెళ్లే హోటల్‌లో ముందుగా టేబుల్ చూడండి

విజయవాడ బెంజ్ సర్కిల్‌కి దగ్గర్లో ఉన్న ఒక కొత్త తరహా హోటల్‌కి తెరిచిన కొత్తలోనే వెళ్లడం మొదలుపెట్టాం. ఇప్పటికీ వెళ్తూనే ఉన్నాం. మెచ్చుకునే విషయాలతో పాటు గొడవపడ్డ విషయాలు కూడా చెబుతున్నాను కాబట్టి పేరు రాయట్లేదు. గాజు గోడలు, బయటికి కనిపించే వంటగది, సోఫా సీట్లు, ఫోన్‌లో చూసుకునే మెనూ ఉన్న హోటళ్లు విజయవాడలో బందరు రోడ్డు మీదా, మొఘల్రాజపురంలోనూ, గురునానక్ కాలనీలోనూ చాలానే వచ్చాయి. మీరు వెళ్లేది వేరే హోటలైనా ఇందులో కొంత పనికొస్తుంది.

రుచి గురించి అందరూ రాస్తారు. నేను ముందుగా టేబుల్ గురించి చెబుతాను. మాది పెద్ద గుంపు. అత్తయ్య, మామయ్య, మేమిద్దరం, పిల్లలు, మా ఆడపడుచు వాళ్లు, ఒక్కోసారి మావారి కాలేజీ స్నేహితులు కూడా కుటుంబాలతో వస్తారు. గోడవారగా ఉండే సోఫా సీట్లు ఫోటోకి బాగుంటాయి గానీ మోకాళ్ల నొప్పులున్న మనిషికి చాలా కష్టం. టేబుల్ జరగదు. పక్కకి జరుగుతూ లోపలికి పోవాలి, చేతులు కడుక్కోవడానికి లేవాలన్నా పక్కనున్న వాళ్లంతా లేవాలి. ఇక్కడ ఒక కెప్టెన్, అంటే వెయిటర్లకి పైవాడు, మా అత్తయ్య నడక చూసి, మేం అడక్కముందే "మామ్మగారూ, మీకు చేతులున్న కుర్చీ వేస్తానండీ, ఈ చివర కూర్చోండి" అన్నాడు. ఆవిడకి ఈ హోటల్ నచ్చింది ఆ మాటతోనే. ఇప్పుడు టేబుల్ కోసం ఫోన్ చేస్తే పెద్దవాళ్లెవరైనా వస్తున్నారా, చంటిపిల్లల కుర్చీ కావాలా అని వాళ్లే అడుగుతున్నారు.

లోపల మూల ఒక గుండ్రటి టేబుల్ ఉంది. పదిమంది కూర్చున్నా అందరి మొహాలూ అందరికీ కనిపిస్తాయి. అది దొరక్కపోతే రెండు పొడుగు టేబుళ్లు కలిపి వేస్తారు. మగవాళ్లు ఒక చివర, ఆడవాళ్లు ఇంకో చివర, మధ్యలో పిల్లలు. అప్పుడు కలిసి వెళ్లినట్టే ఉండదు. గుండ్రటి టేబుల్ దగ్గర మామయ్య పాత ఉద్యోగం కబుర్లు తీస్తారు, పిల్లలు ప్రశ్నలు వేస్తారు. పొడుగు టేబుల్ దగ్గరైతే ఆయన గబగబా తినేసి కారు తాళాలు అడుగుతారు. అందుకే ఆ టేబుల్ ఖాళీగా ఉందో లేదో కనుక్కున్నాకే బయల్దేరుతాం.

పాటల సౌండ్ మాత్రం ఇప్పటికీ దారికి రాలేదు. శని, ఆదివారాలు రాత్రి ఎనిమిదిన్నర దాటితే పెంచేస్తారు. చెబితే తగ్గిస్తారు, కాసేపటికి మళ్లీ పెరుగుతుంది. చెవులు సరిగ్గా వినపడని పెద్దవాళ్లు అలాంటప్పుడు మాటల్లోంచి తప్పుకుని ప్లేటు చూసుకుంటూ కూర్చుంటారు. అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. మేం ఏడింటికే వెళ్లిపోతాం.

తిండి విషయానికొస్తే, ఇక్కడ తప్పకుండా తినాల్సింది ఉలవచారు బిర్యానీ. ఉలవలు ఉడికించిన నీళ్లని చింతపండు పులుసుతో సన్నసెగ మీద చిక్కబడేదాకా మరగనిస్తేనే ఆ రంగూ రుచీ వస్తాయి. ఇక్కడి వంటవాళ్లు ఆ పని తొందరపడకుండా చేస్తున్నారు. మూత తీస్తే పైన తెల్లటి మెతుకులు, గరిటె అడుగుదాకా దింపితే ముదురు గోధుమరంగులో ఉలవచారు పట్టిన అన్నం. నిలువుగా దింపి తీయాలి. పైపైన తీసి వడ్డిస్తే మొదటి ప్లేటు చప్పగా, ఆఖరి ప్లేటు పులుపుగా ఉంటుంది. కొత్త కుర్రాళ్లకి ఇది తెలియదు, అందుకే వడ్డన మేమే చేసుకుంటాం. గోంగూర మటన్ని నమ్మలేం. ఒకసారి ముక్క వెన్నలా విడిపోతుంది, ఇంకోసారి మామయ్య పళ్లకి పరీక్షే. రొయ్యల వేపుడు బాగుంటుంది. పాస్తా, బర్గర్లు పిల్లలకే. బుల్లి బుల్లి పొడి ఇడ్లీలకి అంత ధర పెట్టక్కర్లేదు, గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్ వెన్న ఇడ్లీ ఉండనే ఉంది కదా.

కార్తీకమాసంలో మా టేబుల్ సగం శాకాహారమే. అలాంటి ఒక రోజు పనీర్ వేపుడు చెప్పబోతూ ఏ నూనెలో వేయిస్తారని అత్తయ్య అడిగింది. వెయిటర్ లోపలికెళ్లి కనుక్కుని వచ్చి, చికెన్ వేయించే నూనేనండీ అని ఉన్నమాట చెప్పాడు. ఆ రోజు ఆవిడ పప్పు, పెరుగన్నంతో సరిపెట్టుకుంది. మేనేజరుతో గట్టిగానే మాట్లాడాం. తర్వాత శాకాహారానికి మూకుడు వేరే పెట్టారు, వంటగది అద్దంలోంచి మనకే కనిపిస్తుంది. ఇలా చెప్పింది విని మార్చుకునే గుణం ఉంది కాబట్టే మేం మళ్లీ మళ్లీ వెళ్తున్నాం. మెనూ అట్టలు తెప్పించిందీ ఇలాగే. ఫోన్లో అక్షరాలు కనపడవని మామయ్య విసుక్కుంటే, ఇప్పుడు అడిగినవాళ్లకి అచ్చు వేసిన మెనూ ఇస్తున్నారు.

బిల్లు దగ్గర మాత్రం కళ్లు తెరిచి ఉండండి. మా బిల్లులో ఒకసారి సర్వీస్ ఛార్జి కలిపేసి, దాని మీద కూడా జీఎస్టీ లెక్క కట్టారు. మామూలు రెస్టారెంట్ బిల్లు మీద జీఎస్టీ 5 శాతం, అందులో సగం కేంద్రానికి, సగం రాష్ట్రానికి. అది కట్టాల్సిందే. సర్వీస్ ఛార్జిని హోటల్ తనంతట తాను బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ సీసీపీఏ 2022 జూలైలోనే మార్గదర్శకాలిచ్చింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. మేం ఆ మాట చెప్పగానే బిల్లు మార్చి ఇచ్చారు. కాదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు. మనసారా వడ్డించిన కుర్రాడికి మేం డబ్బులు చేతికే ఇస్తాం, అది వాడికే చేరుతుంది.

దసరా నవరాత్రుల్లో, అందులోనూ మూలా నక్షత్రం రోజు అటు వెళ్లే ఆలోచన పెట్టుకోకండి. అమ్మవారి దర్శనానికి వచ్చిన జనంతో ఊరు కిటకిటలాడుతుంది, ఏ హోటల్‌లోనూ ప్రశాంతంగా తినలేం. వారం మధ్యలో మధ్యాహ్నం పూట అయితే హాయి. అప్పుడు స్నేహితులతో ఎంతసేపు కూర్చున్నా, అడిగేదాకా బిల్లు తెచ్చి పెట్టరు.