డిగ్రీ ఉండి కమ్యూనిటీ కాలేజీలో చేరాలనుకునేవాళ్లకు: చైల్డ్ డెవలప్‌మెంట్ కోర్సు, ఫీజు మాఫీపై నా అభిప్రాయం

కాలిఫోర్నియాలో ఒక కమ్యూనిటీ కాలేజీలో (తక్కువ ఫీజుతో నడిచే రెండేళ్ల ప్రభుత్వ కాలేజీ) చైల్డ్ డెవలప్‌మెంట్, అంటే పిల్లల ఎదుగుదల గురించిన సర్టిఫికెట్ చేసి, ఇప్పుడు ప్రీస్కూల్లో టీచరుగా పనిచేస్తున్నాను. ఇండియాలో డిగ్రీ చేసి ఇక్కడికొచ్చాక ఇంటికే పరిమితమైన మన ఆడవాళ్లు చాలామంది "అక్కా, ఫ్రీగా చదువుకోవచ్చట కదా?" అని అడుగుతుంటారు. ఏది ఫ్రీయో, ఏది కాదో ముందే తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

ఫాఫ్సా (ఫెడరల్ ప్రభుత్వ ఆర్థిక సాయానికి పెట్టుకునే దరఖాస్తు) అనగానే అందరూ చెప్పేది పెల్ గ్రాంట్ గురించే, అంటే తిరిగి కట్టక్కర్లేని ఫెడరల్ సాయం. 2025-26లో అది గరిష్ఠంగా 7,395 డాలర్లు. కానీ బ్యాచిలర్స్ డిగ్రీ ఉన్నవాళ్లకు అది రాదు. ఆంధ్రా యూనివర్సిటీ డిగ్రీ అయినా, కాకతీయ డిగ్రీ అయినా లెక్కలోకి వస్తుంది. "ఇండియా డిగ్రీయే కదా, లేదని పెట్టెయ్" అనేవాళ్లున్నారు. దయచేసి ఆ మాట వినకండి. అబద్ధం చెప్పి సంతకం పెడితే డబ్బు వెనక్కి కట్టడంతో ఆగదు, కేసు దాకా వెళ్లొచ్చు. మా తోడికోడలికీ నాకూ ఇద్దరికీ గ్రీన్ కార్డే. ఇంటర్‌తో ఆపేసిన తనకు పెల్ వచ్చింది, బీకాం చేసిన నాకు రాలేదు. హెచ్4 (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్నవాళ్లకైతే ఫెడరల్ సాయమే లేదు.

నన్ను ఆదుకున్నది రాష్ట్రం ఇచ్చే కాలిఫోర్నియా కాలేజ్ ప్రామిస్ గ్రాంట్. చేతికి డబ్బు ఇవ్వరు, యూనిట్‌కు (కోర్సుల్ని లెక్కగట్టే క్రెడిట్) 46 డాలర్ల ఫీజు మాఫీ చేస్తారు. డిగ్రీ ఉన్నా ఇస్తారు. కాలిఫోర్నియా నివాసం, కుటుంబ ఆదాయం చూస్తారు. మావారిది కిరాణా స్టోర్లో ఉద్యోగం కాబట్టి మాకు వచ్చింది. సాఫ్ట్‌వేర్ జీతాలున్న ఇళ్లకు రావడం కష్టం, అయినా 12 యూనిట్లకు అయ్యేది 552 డాలర్లే. పుస్తకాలు, హెల్త్ ఫీజు, పార్కింగ్ మాత్రం మనమే పెట్టుకోవాలి. పుస్తకాల ఖర్చు లేని సెక్షన్లకు క్లాస్ షెడ్యూల్లో గుర్తు ఉంటుంది, ముందు వాటికోసం చూడండి.

కాలేజీలో ఈ ఆర్థిక సాయం చూసే ఎయిడ్ ఆఫీసు మీద మాత్రం నాకు బాగా కోపం వచ్చింది. వెరిఫికేషన్ పేరుతో ఇచ్చిన కాగితాలే మళ్లీ అడిగారు, సెమిస్టర్ మొదలయ్యాక గానీ తేల్చలేదు. మాఫీకి విడిగా దరఖాస్తు ఉంటుందని కౌన్సెలర్ చెప్పబట్టి నా సీటు నిలిచింది. చిన్న పిల్లలున్న తల్లుల్ని అలా తిప్పించుకోవడం అన్యాయం.

చదువు మాత్రం బంగారం. అన్నిటికన్నా నచ్చింది అబ్జర్వేషన్. క్యాంపస్‌లోని పిల్లల సెంటర్లో ఒక మూల కూర్చుని, ఒకే పిల్లాణ్ణి గమనిస్తూ కాగితం మీద రాయాలి. "మొండివాడు", "అల్లరి పిల్ల" లాంటి మాటలు రాయకూడదు. "పక్కవాడు ఎర్ర బ్లాకు తీసుకోగానే వీడు తన బ్లాకుల్ని చేత్తో తోసేశాడు, టీచర్ వైపు చూశాడు" అని కనిపించింది కనిపించినట్టే రాయాలి. ఆ చూపు దగ్గర మా ప్రొఫెసర్ ఆగి, "సాయం అడుగుతున్నాడేమో, ఆలోచించండి" అన్నారు. అప్పటినుంచి మా ఇంట్లో పిల్లల్ని చూసే తీరే మారిపోయింది.

అసోసియేట్ టీచర్ పర్మిట్‌కు (ప్రీస్కూల్లో పనిచేయడానికి రాష్ట్రం ఇచ్చే అనుమతి పత్రం) నేను చూపించినవి చైల్డ్ డెవలప్‌మెంట్‌లో 12 యూనిట్లు, రోజుకు కనీసం 3 గంటల చొప్పున 50 రోజుల అనుభవం. లైవ్ స్కాన్ (మెషీన్ మీద తీసుకునే) వేలిముద్రలు, టీబీ పరీక్ష కూడా ఉంటాయి. జీతం గొప్పగా ఉండదు, ఆ సంగతి తెలిసే చేరండి. ఉద్యోగానికి అమెరికాలో పనిచేసే అనుమతి కూడా ఉండాలి. హెచ్4 మీద చదువుకోవచ్చు గానీ, ఈఏడీ (పని చేసేందుకు అనుమతినిచ్చే కార్డు) లేకుండా పనిచేయకూడదు.

ఇప్పుడు దాని పై మెట్టయిన టీచర్ పర్మిట్ కోసం 24 యూనిట్లు పూర్తి చేస్తున్నాను, సాయంత్రం క్లాసులే తీసుకున్నాను. దానికి 16 జనరల్ ఎడ్యుకేషన్ (ఇంగ్లిష్, సైన్సు లాంటి మామూలు సబ్జెక్టులు) యూనిట్లు కూడా కావాలి. అందుకే నా బీకాం మార్కుల షీట్లను ఎవాల్యుయేషన్‌కు, అంటే ఇక్కడి యూనిట్ల లెక్కలోకి మార్చి చూసేందుకు పంపాను. మీరూ యూనివర్సిటీ నుంచి ట్రాన్స్‌క్రిప్టులు ముందే తెప్పించి పెట్టుకోండి, అవి రావడానికి నెలలు పడుతుంది.